థెరపిస్ట్ తన సొంత సంగతులు చెప్పొచ్చా?

మీ థెరపిస్ట్ మాటల్లో తన విడాకుల సంగతి చెప్పారని, ఇక ఆవిడ దగ్గరికి వెళ్లాలా మానాలా అని అడిగారు. ఒక్కసారి చెప్పినందుకే మానేయక్కర్లేదు. చెప్పాక మాట మళ్లీ మీ దగ్గరికి వచ్చిందా, ఆవిడ దగ్గరే ఉండిపోయిందా అన్నది చూడండి.

నాకు బెంగళూరులోనే రెండు రకాలూ ఎదురయ్యాయి. మారతహళ్లిలో ఉండగా ఉద్యోగం పోయిన టెన్షన్‌తో ఒకాయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. మా నాన్నతో గొడవల గురించి ఎత్తితే చాలు, ఆయన వాళ్ల నాన్న గురించి మొదలుపెట్టేవారు. మొదట్లో మనలాంటివాడే అని సంతోషించాను. కొన్నాళ్లకి నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. ఆయన డల్‌గా కనిపిస్తే నా బాధ చెప్పుకోకుండా వచ్చేసేవాణ్ణి. ఫీజు మాత్రం నాదే!

తర్వాత బీటీఎం లేఅవుట్‌లో తెలుగు మేడమ్ ఒకరు దొరికారు. అలవాటు కొద్దీ "మీదే ఊరండీ?" అన్నాను. "నెల్లూరు" అన్నారు. సగం బెరుకు అక్కడే పోయింది. ఊరడిగితే చెప్పనివాళ్లని మనం పొగరనుకుంటాం కదా.

ఇంకోసారి, రాత్రిళ్లు గుండెదడ వస్తోందని చెప్తూ "మీకెప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగాను. "అయిందంటే మీకేమనిపిస్తుంది? కాలేదంటే?" అన్నారు. కాలేదంటే నా బాధ మీకు అర్థం కాదనుకుంటాను అన్నాను. "చదువుకునే రోజుల్లో అయింది, ట్రీట్‌మెంట్ తీసుకున్నాను" అని అంతటితో ఆపేసి, "అర్థం చేసుకోరేమోనన్న భయం ఇంకెవరి దగ్గరుంది?" అన్నారు. నాన్న సంగతి అసలు బయటికొచ్చింది అప్పుడే.

వైద్యుడు అద్దంలా ఉండాలి, తన సంగతులు తెలియనివ్వకూడదు అని సైకోఅనాలిసిస్ (మనోవిశ్లేషణ) మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1912లో రాశాడు. అలాంటాయనే ఒక పేషెంట్‌కి ఆకలేస్తే భోజనం పెట్టించిన సంగతి ఆయన నోట్స్‌లో ఉంది! అదుపు తప్పే భావోద్వేగాల్ని సంభాళించుకోవడం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ)ని రూపొందించిన మార్షా లీనెహాన్ అయితే, చిన్న వయసులో తానే మానసిక వైద్యశాలలో ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పారు. ఆ థెరపీలో అవసరాన్నిబట్టి సొంత అనుభవం చెప్పడం ఒక పద్ధతి కూడా.

కాబట్టి ఆవిడనే అడగండి: "మీ విడాకుల సంగతి విన్నప్పటినుంచి నాకు ఇబ్బందిగా ఉంది, ఎందుకు చెప్పారు?" అని. మంచి థెరపిస్ట్ అయితే నొచ్చుకోరు, మీ ఇబ్బంది గురించే మాట్లాడతారు. అడిగాక కూడా తన కష్టాలే చెప్పుకొస్తుంటే, లేదా సొంత పనులకి మీ సాయం అడుగుతుంటే, ఇంకొకరిని చూసుకోండి. ఎదురుగా అడగడానికి మొహమాటమైతే ముందురోజు మెసేజ్‌లో రెండు లైన్లు పెట్టండి, నేనలాగే చేసేవాణ్ణి.