గాలం కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది తణుకు. కాలవ గట్టున ఎర్రలు గుచ్చి గాలం వేస్తూ పెరిగాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో 6 నంబరు ఫ్లై రాడ్ కొని, ఇంట్లో ఉన్న నైలాన్ దారమే చుట్టాను. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఎంత ఊపినా దారం కాళ్ల దగ్గరే కుప్పపడుతోంది. తప్పు నాదా, రాడ్‌దా? కావేరిలో మహసీర్ అనే పెద్ద నది చేపని పట్టాలని కోరిక. ఎక్కడ వేయొచ్చు?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తప్పు దారానిదండీ. మన కాలవ గాలంలో సీసపు గుండు, ఎర కలిసి దారాన్ని లాక్కుపోతాయి. ఫ్లైకి, అంటే ఎరగా వాడే ఈకల పురుగు బొమ్మకి, బరువేముంది, నాలుగు ఈకలూ ఒక గాలమూ! అందుకే ఇక్కడ బరువంతా లైన్‌లోనే, అంటే పైపూత ఉన్న లావుపాటి దారంలోనే ఉంటుంది. రాడ్ మీద 6 అని ఉంటే 6 నంబరు లైన్ వాడాలి. దాని మొదటి 30 అడుగులు పది గ్రాములకు కాస్త పైన తూగుతాయి. ఆ బరువుకే రాడ్ వంగి, మళ్లీ నిటారయ్యేటప్పుడు లైన్‌ని విసురుతుంది. నైలాన్ దారంతో ఊపడమంటే రాయి పెట్టకుండా వడిసెల తిప్పడమే.

లైన్ కొన్నాక టెర్రస్ ఎక్కకండి, సిమెంటుకి గీసుకుని పైపూత పాడవుతుంది. గడ్డి ఉన్న మైదానంలో, గాలం బదులు ఊలు ముక్క కట్టి సాధన చేయండి. వెనక్కి విసిరాక లైన్ పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. కొత్తవాళ్లకి ఆ క్షణం ఆగడమే కష్టం. తల తిప్పి చూసుకోండి, సిగ్గేం లేదు. నేను చూడకుండా తొందరపడి, గాలాన్ని నా కుడిచెవి తమ్మెలోనే దించుకున్నాను. ముందురోజు పట్టకారుతో దాని కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు నొక్కేశాను కాబట్టి గుచ్చుకున్న దారినే తిరిగొచ్చింది. లేకపోతే ఆదివారం పొద్దున్నే డాక్టర్ కోసం తిరిగేవాణ్ణి. ముల్లు నొక్కితే చేపకీ బాధ తగ్గుతుంది. కళ్లజోడు మాత్రం తప్పనిసరి.

ఇక మహసీర్. 1946లో కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల చేప పడిందని చదివితే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. కానీ కావేరి నీళ్లలోని ఆ మూపురం మహసీర్‌ని 2018లో, అంతరించిపోయే ముప్పు బాగా తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె దగ్గర ఒకప్పుడు పట్టి వదిలేసే క్యాంపులు నడిచేవి. అది అభయారణ్యం కావడంతో చట్టం ప్రకారం ఆపేశారు. అటు వెళితే రాడ్ ఇంట్లో పెట్టి బైనాక్యులర్ పట్టుకెళ్లండి.

మీకు సరిజోడు జిలేబి చేప, అదే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు చెరువులన్నీ తనవే అన్నట్టు ఉంటుంది. మగచేప గట్టు పక్క లోతు తక్కువ నీళ్లలో పళ్లెమంత గుంట తవ్వి కాపలా కాస్తుంది. చిన్న నల్ల ఫ్లైని ఆ గుంట మీదుగా మెల్లగా లాగండి, ఆకలి లేకపోయినా కోపంతో కొడుతుంది. చాలా చెరువుల్లో చేపల హక్కు టెండరు పాడుకున్నవాళ్లది, ముందే అడగండి. అడగకుండా వెళ్లిన నన్ను ఒకసారి వాచ్‌మన్ గేటు దాకా సాగనంపాడు. పట్టింది వండుకోవద్దు. 2016 మార్చిలో ఉల్సూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి. మురుగు కలిసే చెరువుల్లో చేప ఎంత నిగనిగలాడినా నమ్మలేం.

ప్రశ్న: మా ఆయన చికెన్ కొట్టు నుంచి పుంజు ఈకలు తెచ్చి ఫ్రిజ్ మీద డబ్బాలో దాస్తున్నారు. అడిగితే "ఫ్లై కోసం" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: ఆయన మతికేం కాలేదమ్మా. మెడ ఈకని గాలం చుట్టూ చుడితే పోగులు విచ్చుకుని పురుగు కాళ్లలా నిలబడతాయి. కాకపోతే ఈకల్ని సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో కలరా ఉండలు వేసి దాచమనండి. ఈకలకి పట్టే పురుగు మీ పట్టుచీరల్నీ వదలదు.