నూనె మిల్లు నుంచి కంప్యూటర్ల దాకా

ప్రశ్న: గచ్చిబౌలిలో రోజూ విప్రో సర్కిల్ దాటి ఆఫీసుకు వెళ్తాను. ఆ కంపెనీ ఒకప్పుడు వంటనూనెలు అమ్మేదని మా మామయ్య అంటారు. నిజమేనాండీ? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నిజమేనమ్మా. 1945లో మహారాష్ట్రలోని అమల్నేర్ అనే చిన్న ఊళ్లో ఎం.హెచ్. ప్రేమ్‌జీ వనస్పతి మిల్లు పెట్టారు. బట్టల సబ్బూ చేసేవారు. 1966లో ఆయన హఠాత్తుగా చనిపోతే, అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు అజీమ్ చదువు ఆపేసి వచ్చి పగ్గాలు పట్టారు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు! ఆ వయసులో, అంత దుఃఖంలో, తెలియని వ్యాపారాన్ని నెత్తికెత్తుకోవడం నాకు అన్నింటికన్నా గొప్పగా అనిపిస్తుంది. 1970ల చివర్లో అమెరికా కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం మన దేశం వదిలి వెళ్లాక కంప్యూటర్ల వైపు మళ్లారు. అలాగని సబ్బులు మానలేదు. మన ఇళ్లలో వాడే సంతూర్ వాళ్లదే. ఇలా దారి మార్చింది విప్రో ఒక్కటే కాదు, శాంసంగ్ కూడా 1938లో ఎండుచేపల వ్యాపారంతోనే మొదలైంది.