అత్తయ్యతో వాదన మానేయండి

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. అల్జీమర్స్ అని రెండేళ్ల క్రితం తేలింది. పొద్దుగూకితే ‘మా ఇంటికి పోతా’నంటూ గేటు దగ్గరికి వెళ్తారు. గాజులు నేనే తీశానని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. కోపమొచ్చి అరుస్తాను, తర్వాత ఏడుస్తాను. మనసు కుదుటపడే దారి చెప్పండి.
– ఒక కోడలు, గుంటూరు

జవాబు: ఈ జబ్బు నయం కాదు. డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం ఊరటనిస్తాయి, అంతే. అది తెలిసీ మీరు రోజూ ‘నేను తీయలేదు, గుర్తు తెచ్చుకోండి’ అని వాదనకు దిగుతున్నారు. మిమ్మల్ని అలసగొడుతున్నది ఎక్కువగా ఆ వాదనే. గుర్తుచేసుకునే శక్తే దెబ్బతిన్న మనిషికి రుజువులు చూపిస్తే భయం పెరుగుతుంది. భయం పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా నిందిస్తారు.

గాజుల మాట ఎత్తగానే ‘అయ్యో, కనబడలేదా? పదండి అత్తయ్యా, వెతుకుదాం’ అనండి. వెతికినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టేమీ కాదు. దిండు గలీబు, చీర మడతలు, బియ్యం డబ్బా చూడండి. చెత్తబుట్ట కూడా చూడకుండా పారబోయకండి. అసలు బంగారం మీ ఆయన చేతుల మీదుగానే లాకర్‌లో పెట్టించి, అదే నమూనా గిల్టు గాజులు రెండు జతలు కొనిపెట్టుకోండి. వచ్చినవాళ్లకు జబ్బు సంగతి ముందే చెప్పేయండి. పరువనుకుని దాచినంతకాలం ప్రతి నిందా గుచ్చుకుంటూనే ఉంటుంది.

సాయంత్రం గొడవకు అలసట, మసక వెలుతురు తోడవుతాయి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి, మధ్యాహ్నం 3 తర్వాత కాఫీ వద్దు, చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి. ‘ఇదే మీ ఇల్లు’ అని దిద్దకండి. ఆవిడ అడిగేది చాలాసార్లు పుట్టింటిని. ఆ ఇంటి ముందు ఏ చెట్టుండేదో అడుగుతూ, ఈనెలు తీయమని చిక్కుడుకాయల పళ్లెం ముందు పెట్టండి. ఫోన్ నంబరున్న కాగితం ఎప్పుడూ ఆవిడ ఒంటిమీద ఉండాలి.

అలాగని అన్నీ జబ్బు ఖాతాలో వేయకండి. రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి తికమక పెరిగితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, సోడియం తగ్గడం లాంటివి కారణం కావచ్చు. వాటికి వైద్యం ఉంది, అదేరోజు చూపించండి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. తూలి పడతారు, అయోమయమూ ఎక్కువవుతుంది.

అరుపు గొంతుదాకా వచ్చినప్పుడు, ఆవిడ క్షేమంగా కూర్చుని ఉంటే, పక్కగదిలోకి వెళ్లండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. రెండు నిమిషాలు. కోపం పోదు గానీ అరుపు ఆగుతుంది, ప్రస్తుతానికి అది చాలు.

మీ ఉత్తరంలో మీ ఆయన ఊసే లేదు. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఏ ఇంట్లోనూ పని జరగదు. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 6 నుంచి 8 వరకు వాళ్లమ్మను ఆయనే చూసుకోవాలని తేల్చి చెప్పండి. ఆ రెండు గంటలూ మీరు ఇంట్లో ఉండొద్దు. రెండు వారాలైనా ఏడుపు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.