డర్బన్ వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

ప్రభువు నామమున శుభములు. సంఘం యువకులతో సేవకు సౌతాఫ్రికా వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. స్తోత్రం అన్నాను. గుండె మాత్రం గుబగుబలాడుతూనే ఉంది.

పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు వేరే సంచిలో పెట్టుకో. జూలైలో అక్కడ చలికాలం, స్వెట్టరు మర్చిపోకు. చీకటి పడ్డాక బయట తిరగొద్దు.

అక్కడ మనవాళ్లున్నారు. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి చెరుకుతోటల కూలికి పోయినవాళ్ల వారసులు. వాళ్ల కోసమే నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్యగారు 1903లో వెళ్లి అక్కడి కియర్స్‌నీ అనే ఊళ్లో తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించారు. దేవుణ్ణి అక్కడికి నువ్వే మోసుకెళ్తున్నాననుకోకు. నీకు మాట్లాడ్డం ఎక్కువ, వినడం తక్కువ. చిన్నప్పట్నుంచీ అంతే!

నా భయమంతా ఇంకోటి. 1977 ఉప్పెనలో నీకు మేనమామ కావాల్సినవాణ్ణి నీళ్లు తీసుకుపోయాయి. శవం కూడా దొరకలేదు. మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల. కొన్నాళ్లకు ఒక బృందం బియ్యం, దుప్పట్లు తెచ్చింది. మంచివాళ్లే. కానీ ముందు కూటం, తర్వాతే బియ్యం అన్నారు. ఎండలో కూర్చోబెట్టి ప్రసంగం చెప్పారు. యేసుని నమ్మేవాళ్లు చేతులెత్తమన్నారు, ఫోటోలు తీసుకున్నారు. మీ అమ్మమ్మ పుట్టు విశ్వాసి. ఆవిడా చెయ్యెత్తింది, పిల్లలకి అన్నం కావాలి కదా. పోయిన కొడుకు పేరేంటమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆ పూట మాకు వండిపెట్టి తను మంచినీళ్లు తాగి పడుకుంది. చాలాకాలం గుడికి కూడా వెళ్లలేదు.

ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా పనిచేసిన క్లౌ దొరగారి సంగతి మీ యువకులందరికీ చెప్పు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అది అయిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజు 2,222 మందికి ఇచ్చారు. తొందరపడని ఆ విశ్వాసం నీకు కావాలి తల్లీ.

ఏదైనా పంచితే ముందు చేతిలో పెట్టు, బదులేమీ అడక్కు. తల్లిని అడక్కుండా పిల్లల ఫోటో తియ్యకు. ఎవరైనా అన్నానికి పిలిస్తే వద్దనకు, కూర నచ్చకపోయినా తిను.

నాకు రాసేటప్పుడు మీ కూటాల లెక్కలు రాయొద్దు. ఎవరింట్లో కూర్చున్నావో, వాళ్లు ఏం చెప్పుకున్నారో రాయి.

మీ పెద్దమ్మ