సందేహాలు – సమాధానాలు: దేవునిది విశ్వాసమా, విశ్వాస్యతా?

సందేహం: మా సంఘంలో ఒక పెద్దాయన ‘ప్రభువా, నీ విశ్వాసం గొప్పది’ అని ప్రార్థించారు. ‘దేవుడికి విశ్వాసం ఏమిటి, విశ్వాస్యత అనాలి’ అని ఇంకొకరు సరిదిద్దారు. రెండూ ఒకటి కావా? నమ్మడం, నమ్ముకోవడం కూడా వేరువేరా?
– ఒక పాఠకురాలు, గుత్తి

సమాధానం: ఒకటి కావండీ. సరిదిద్దినవారి మాటే సరైనది. ప్రార్థన ముగిసేదాకా ఆగే చెప్పారనుకుంటాను.

విశ్వాసం నమ్మేవారిలో ఉంటుంది. ‘విశ్వాస్య’ అంటే విశ్వసించదగిన. దానికి ‘త’ చేరితే విశ్వాస్యత. పత్రికల్లో రోజూ కనబడే ‘విశ్వసనీయత’ కూడా ఈ కోవలోదే. బైబిలులో 89వ కీర్తన మొదటి వచనంలోనే ‘నీ విశ్వాస్యతను’ అని ఉంది. అయితే పెద్దాయన ఊరికే తడబడలేదు. ‘ఉప్పు తిన్న విశ్వాసం’, ‘కుక్కకున్న విశ్వాసం’ అని మన వాడుకలో ఈ మాటకు మరో అర్థం ఉంది. కానీ అది కిందివారు పైవారిపట్ల చూపేది. యజమానికి జీతగాడిపట్ల విశ్వాసం ఉందని ఎవరూ అనరు. అందుకే దేవుడి విషయంలో ఆ మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘విశ్వాస్యత’కు నోరు తిరగకపోతే ‘నమ్మదగినవాడవు’ అంటే సరిపోతుంది. ‘నమ్మన్’ మీద ‘తగిన’ చేరినప్పుడు తకారం దకారమవుతుంది. ‘నమ్మతగిన’ అని రాసేవారూ ఉన్నారు, నా ఓటు మొదటిదానికే.

మీ రెండో ప్రశ్న ఇంకా మంచిది. ‘వాన వస్తుందని నమ్మాను’ అన్నవాడికి అది రాకపోయినా పోయేదేమీ లేదు. ‘వానను నమ్ముకున్నాను’ అన్నవాడు అప్పటికే వేరుశనగ విత్తేసి ఉంటాడు. విత్తనకాయల అప్పు, కౌలు, పిల్లల చదువు అన్నీ దానిమీదే ఉంటాయి. ‘కొను’ చేరడంతో క్రియ ఫలం తిరిగివచ్చి చేసినవారినే తాకుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మీ అనంతపురం సీమలో ఈ తేడా ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళకు చినుకు పడకపోతే చేను ఎండుతుంది. అప్పుడు రైతు నమ్మకం చాలలేదని ఎవరైనా అంటారా? అతను నిండుగానే నమ్ముకున్నాడు, వానే నమ్మదగినది కాలేదు.

‘నా విశ్వాసం చాలడం లేదు’ అని కుమిలిపోయే క్రైస్తవులు ఈ తేడా గమనించాలి. ‘నీవు ఆయనను నమ్ముకొనుము’ అంటుంది 37వ కీర్తన. బరువంతా ‘ఆయన’ మీద ఉంది. తిమోతికి రాసిన రెండో పత్రిక ఇంకా సూటిగా చెబుతుంది: ‘మనము నమ్మదగని వారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును’. మనకు వ్యతిరేకరూపంలో వేసిన మాటనే ఆయనకు నిండుగా వేశారు. మన వైపు మాట తలకిందులైనా ఆయన వైపు మాట చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆయన తన స్వభావానికి విరోధంగా ఏదీ చేయలేడని ఆ వచనమే చెబుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. బైబిలులోని విలాపవాక్యముల గ్రంథంలో ఉన్న ‘నీవు ఎంతైన నమ్మదగినవాడవు’ అన్న మాట పంట ఇంటికొచ్చిన రోజున అన్నది కాదు. బబులోనువారు కూల్చిన యెరూషలేములో, పసిపిల్లలు ఆకలికి వీధుల్లో సొమ్మసిల్లుతుంటే అన్నది. ‘నమ్మదగినవాడు’ అంటే ‘అడిగినదల్లా ఇచ్చేవాడు’ అని ఏ నిఘంటువూ చెప్పదు. ఆ అర్థంలో వాడేవారు మాత్రం ఈమధ్య ఎక్కువయ్యారు.