కప్పు అంచును వేళ్లతో నొక్కి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ గురించే. అవీ చెవి మొత్తాన్ని కప్పే రకం, ఆశపడి కొనుక్కున్న ఖరీదైనవి. నేను ఇరవై రెండేళ్లు రేడియోలో ధ్వని ముద్రణ చూశాను. ఇప్పుడు ఆడియో పుస్తకాలను విడుదలకు ముందు ఆసాంతం విని తప్పులు పట్టే పనిలో ఉన్నాను. ఆ పనికి వైరు హెడ్‌ఫోన్సే వాడతాను. పని ముగిశాక పాటలు, ప్రయాణాలు, ఫోన్లు అన్నీ నాలుగేళ్లుగా ఒకే బ్లూటూత్ జతతో సాగుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేశాను.

*మేడమ్ గారూ, నేనూ నా సహోద్యోగీ ఒకే వారంలో ఒకే మోడల్ హెడ్‌ఫోన్స్ కొన్నాం. మృదంగం మోగితే గుండెల్లో వినిపిస్తోందని ఆయన అంటారు. నాకు మాత్రం అదే పాట పలచగా, రేకు డబ్బా మీద వాయించినట్టు ఉంది. బయటి చప్పుడు కూడా సరిగా తగ్గడం లేదు. సెట్టింగులన్నీ మార్చి చూశాను. నాకు లోపమున్న జత వచ్చిందా? అన్నట్టు, ఈ మధ్యే కళ్లజోడు మార్చాను, అరగంట వింటే చెవి పైభాగం నొప్పి పెడుతోంది. దానికేమైనా ఉపాయం ఉందా?*

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. రెండింటికీ కారణం ఒక్కటే, ఆ కళ్లజోడే.

ఒక పరీక్ష చేయండి. మృదంగం ఉన్న ఆ పాటే పెట్టి, రెండు చేతుల వేళ్లతో హెడ్‌ఫోన్ కప్పుల ముందు అంచును, అంటే కణత దగ్గర కళ్లజోడు కాడ కుషన్ కిందికి దూరే చోటును, తల వైపు మెల్లగా నొక్కండి. అరచేత్తో కప్పు మొత్తాన్ని మూయకండి. కొన్ని మోడళ్లలో అలా మూస్తే వాల్యూం తగ్గిపోయి బయటి మాటలు వినిపించే ఏర్పాటు ఉంటుంది. అంచు మాత్రమే నొక్కండి. మృదంగం ఒక్కసారిగా నిండుగా మోగి, చేయి తీయగానే మళ్లీ పలచబడితే మీ జతలో లోపం లేదు. కుషన్‌కీ చర్మానికీ మధ్య సందు ఉంది, అంతే.

ఇంత చిన్న సందుకే అంత తేడా ఎందుకంటే, 50 హెర్ట్జ్ ధ్వని తరంగం గాలిలో దాదాపు ఏడు మీటర్ల పొడవు ఉంటుంది. హెడ్‌ఫోన్ స్పీకరులో కదిలే ముప్పై, నలభై మిల్లీమీటర్ల పలచని పొర అంత తరంగాన్ని గది నిండా వినిపించలేదు. అందుకే హెడ్‌ఫోన్ మీ చెవి చుట్టూ గాలి చొరబడని బుల్లి గది కట్టి, అందులోని గాలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ మంద్ర ధ్వనులను వినిపిస్తుంది. ఆ గది గోడకు సందు పడిందా, ఒత్తిడి నిలవదు. ముందు పోయేది మంద్రమే. బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఆ గదిని నమ్ముకునే పనిచేస్తుంది కాబట్టి అదీ దెబ్బతింటుంది. సెట్టింగులు ఎన్ని మార్చినా సందు పూడదు.

నాకూ అచ్చం ఇదే జరిగింది. అప్పటి నా కళ్లజోడు కాడలు ప్లాస్టిక్‌వి, స్కేలు పెట్టి కొలిస్తే నాలుగు మిల్లీమీటర్ల మందం. ఒక రాత్రి జోడు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వింటుంటే తంబూరా శ్రుతి కింది నుంచి పొంగి వచ్చింది. మూడు వారాలుగా వింటున్న రికార్డింగే అది. మళ్లీ జోడు పెట్టుకున్నాను, పోయింది. తీశాను, వచ్చింది. ఆ తర్వాత తీగలాంటి లోహపు కాడలున్న జోడు చేయించుకున్నాను. అప్పటి నుంచి ధ్వనీ నిండింది, చెవి నొప్పీ పోయింది. జోడు మార్చడం మీకు ఇప్పుడే వీలుకాకపోతే, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక కాడలను అర అంగుళం పైకి జరిపి చూడండి. కణత మీద చర్మం చదునుగా ఉన్న చోట సందు చిన్నదవుతుంది. కుషన్ కింద జుట్టు పాయ చిక్కినా, పెద్ద చెవిపోగు అడ్డం పడినా ఇదే కథ.

*బస్సులో ఇంజిను రొద మాయమైపోతోంది కానీ పక్క సీటువాళ్ల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. నాయిస్ క్యాన్సిలేషన్ చెడిపోయిందా అక్కా?*

చెడిపోలేదు తమ్ముడూ, దాని స్వభావమే అది. వచ్చే ధ్వనికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రెండింటినీ రద్దు చేయడం ఇందులోని సూత్రం. పాల్ లూయెగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడికి 1936లోనే దీనిపై అమెరికా పేటెంట్ వచ్చింది. విమాన చోదకుల కోసం బోస్ సంస్థ హెడ్‌సెట్‌ను అమ్మకానికి తెచ్చింది మాత్రం 1989లో. ఇంజిను రొద మంద్రంగా, మారకుండా సాగుతుంది కాబట్టి ఎదురు తరంగం దానికి చక్కగా అతుకుతుంది. మాట క్షణక్షణం మారుతుంది. అందులోని పై స్థాయి ధ్వనుల తరంగాలు మరీ పొట్టివి, కొద్దిపాటి ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. వాటిని ఆపవలసింది కుషనే. రొద పోయేసరికి మాటలు మునుపటికన్నా తేటగా వినిపించడం కూడా సహజమే. సన్నగా పాట పెట్టుకుంటే సరిపోతుంది.

*నా ఆండ్రాయిడ్ ఫోనులో ఎల్‌డ్యాక్ 990 పెట్టుకున్నాను. ఇంట్లో బాగానే ఉంటుంది, బయట నడుస్తుంటే పాట తెగిపోతోంది. తగ్గిస్తే నాణ్యత పోతుందని భయం.*

పాటను గాలిలో పంపేముందు కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అన్నింటికీ తప్పనిసరిగా వచ్చినది ఎస్‌బీసీ. దాని మేలైన అమరికలో సెకనుకు 328 కిలోబిట్లు పోతాయి. సోనీ 2015లో తెచ్చిన కోడెక్ ఎల్‌డ్యాక్‌లో 330, 660, 990 అని మూడు మెట్లు ఉన్నాయి. ఐఫోన్లలో ఎల్‌డ్యాక్ లేదు, అవి ఏఏసీ అనే మరో కోడెక్ వాడతాయి. సీడీలో ఉండేది 1,411 కిలోబిట్లు. అంటే 990 కూడా కుదించినదే.

ఒక సాయంత్రం మా అబ్బాయి చేత నా ఫోనులో మెట్లు మార్పిస్తూ, ఏది ఏదో చెప్పకుండా పది పాటలు విన్నాను. 660కీ 990కీ తేడా పట్టలేకపోయాను. జీవితమంతా ధ్వనిలో తప్పులు వెతికిన చెవులివి. 330కి దిగినప్పుడు మాత్రం చప్పట్లు, తాళాల చివర్లు కాస్త మసకబారినట్టు రెండు చోట్ల అనిపించింది. కణత దగ్గర వేలు పెట్టి నొక్కితే తెలిసే తేడా ముందు ఇది ఏ మూలకూ రాదు.

ఇక తెగిపోవడం సంగతి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. పాటలు పంపే పద్ధతిలో 79 సన్నని దారుల మధ్య సెకనుకు 1,600 సార్ల దాకా గెంతుతూ అడ్డంకులను తప్పించుకుంటుంది. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అయితే మీకు బయట తెగడానికి కారణం మీ ఒళ్లే కావచ్చు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరు, ఆ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. ఇంట్లో అయితే గోడలకు తగిలి తిరిగివచ్చే తరంగాలు హెడ్‌ఫోన్స్‌ను చేరుకుంటాయి. ఆరుబయట ఆ గోడలు లేవు. ఫోను ఎడమ జేబులోంచి కుడి జేబులోకి, వెనక జేబులోంచి ముందు జేబులోకి మార్చి చూడండి. నాకు చొక్కా కుడి జేబులో ఉంటే ఒక్కసారి కూడా తెగదు. అలాగే 990ని 660కి దించండి, నిశ్చింతగా నడవండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం బయటి చప్పుడు వినిపించే మోడ్‌లోకి మార్చుకోవడం మరచిపోవద్దు.

*కంప్యూటర్‌లో మీటింగ్ మొదలుకాగానే ఇంత మంచి హెడ్‌ఫోన్స్ పాత టెలిఫోనులా పలుకుతున్నాయి. మీటింగ్ అయిపోగానే మామూలే. ఎందుకని?*

మైకు తెరుచుకోగానే హెడ్‌ఫోన్స్ పాటలు వినిపించే పద్ధతి వదిలి, ఫోన్ మాటల పద్ధతిలోకి మారిపోతాయి. రెండు వైపులా ధ్వని వెళ్లాలి కాబట్టి నాణ్యత బాగా తగ్గించి పంపుతాయి. మీటింగ్ సెట్టింగులలో మైకుగా కంప్యూటర్‌ది ఎంచుకుని, వినడానికి మాత్రం హెడ్‌ఫోన్స్ ఉంచండి. వెంటనే తేట పడుతుంది. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో ఈ ఇబ్బందికి మందు ఉంది, కానీ ఫోను లేదా కంప్యూటర్, హెడ్‌ఫోన్స్ రెండింటిలోనూ అది ఉంటేనే ఫలితం.

*అమ్మా, మా అమ్మాయికి పదహారేళ్లు. చదివేటప్పుడూ, ప్రయాణంలోనూ, నిద్రపోయేటప్పుడూ హెడ్‌ఫోన్స్ తీయదు. బ్లూటూత్ తరంగాలు మెదడుకు హాని అని విని భయంగా ఉంది. లాక్కుని దాచేయమంటారా?*

లాక్కోకండి. మీ భయం అర్థమైంది, కానీ అది వేరే చోట ఉండాలి. హెడ్‌ఫోన్స్ తరహా పరికరాల్లో మామూలుగా ఉండే బ్లూటూత్ రేడియో శక్తి కొన్ని మిల్లీవాట్లే. చెవికి ఆనించుకున్న ఫోను మాట్లాడేటప్పుడు వాడే శక్తి దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. నన్ను కలవరపెట్టేది తరంగాలు కాదు, వాల్యూం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఒక ప్రమాణం ఇచ్చాయి. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే అదే 40 గంటలకు 75 డెసిబెల్స్ హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగానికి పడిపోతుంది. పెద్దల లెక్కలో 83కి 20 గంటలు, 86కి పది, 89కి వచ్చేసరికి వారం మొత్తానికి ఐదు గంటలే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. నాతో పనిచేసిన మిత్రుడొకరు యాభై నిండకుండానే 'స'కూ 'శ'కూ తేడా వినలేక ఎడిటింగ్ గది వదిలి వెళ్లిపోయారు. ముందు నొప్పి లేదు, హెచ్చరిక లేదు. ఆయన కుర్చీ ఖాళీగా కనిపించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. అందుకే ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను.

ఒక పని చేయండి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న వేళ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పాటలో మాటలు స్పష్టంగా తెలిసే అతి తక్కువ వాల్యూం ఎంతో తననే వెతకనివ్వండి. ఆ అంకె గుర్తు పెట్టుకోమనండి. బస్సెక్కినప్పుడు నాయిస్ క్యాన్సిలేషన్ వేసుకుని, ఆ అంకెకు ఒకటి రెండు మెట్ల లోపే ఉండమనండి. మామూలు ఇయర్‌ఫోన్స్‌తో రైల్లో నా వాల్యూం పదహారు మెట్లలో పదమూడు దాకా పోయేది. ఇవి వచ్చాక ఎనిమిది దాటలేదు. ఖరీదైన హెడ్‌ఫోన్స్ కొనడానికి నాకు తెలిసిన అతి పెద్ద కారణం ఇదే, కాబట్టి పాప చేతిలో ఉన్నది నిజానికి మంచి సాధనం. వారంలో ఎంత శబ్దం ఎన్ని గంటలు విన్నారో కొన్ని ఫోన్లే లెక్క చూపిస్తాయి, దాన్ని ఇద్దరూ కలిసి చూడండి. పడుకున్నప్పుడు మాత్రం వద్దు. టైమర్ పెట్టి చిన్న స్పీకరులో వినమనండి. చెవులకు విశ్రాంతి దొరుకుతుంది, హెడ్‌ఫోన్స్ తల మీది పట్టీ బిగువూ పోకుండా ఉంటుంది.

*నా హెడ్‌ఫోన్స్‌కు నాలుగేళ్లు. 30 గంటలు వచ్చే చార్జింగ్ ఇప్పుడు పద్దెనిమిదికి పడిపోయింది. కుషన్ల నల్ల పొర రాలి చెంపలకు అంటుకుంటోంది. కొత్తవి కొనుక్కోవాలా?*

తొందరపడకండి. పద్దెనిమిది గంటలంటే రోజుకు మూడు గంటల చొప్పున ఆరు రోజులు. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకున్నా క్రమంగా అరుగుతుంది. వేడికి మరింత త్వరగా అరుగుతుంది, ఎండలో నిలిపిన కారులో వదలకండి. రోజూ నూరు శాతం నింపకుండా ఎనభై దగ్గర ఆపితే ఆయుష్షు పెరుగుతుంది. కొన్ని వారాలు వాడకుండా పెట్టవలసి వస్తే సగం చార్జింగ్‌తో పెట్టండి, పూర్తిగా ఖాళీ చేసి మాత్రం వద్దు. వైరు తగిలించుకునే రంధ్రం మీ మోడల్‌కు ఉంటే బ్యాటరీ అయిపోయినా వినగలిగే అవకాశం ఉంది. కొన్ని మోడళ్లు మాత్రం వైరుతోనూ స్విచ్ వేస్తేనే పలుకుతాయి, ఒకసారి చూసుకోండి.

రాలుతున్నది తోలు కాదు, పాలీయురెథేన్ పూత. చెమటకూ తేమకూ పొరలు ఊడుతుంది. నావి ఇరవై నెలలకే రాలడం మొదలుపెట్టాయి. విన్న వెంటనే పొడి మెత్తని గుడ్డతో తుడిచి పెట్టడం మొదలుపెట్టాక రెండో జత ఇంకా నిలిచి ఉంది. మార్చడం పది నిమిషాల పని. ఎక్కువ మోడళ్లలో కుషన్ వెనక పలచని ప్లాస్టిక్ చట్రం, దాన్ని కప్పుకు పట్టి ఉంచే చిన్న గోళ్లు ఉంటాయి. మొనలేని చదునైన ప్లాస్టిక్ ముక్కను కుషన్‌కూ కప్పుకూ మధ్య దూర్చి మెల్లగా ఎత్తితే గోళ్లు ఒక్కొక్కటిగా టక్కుమని వదులుతాయి. లోపల స్పీకరు మీద ఉన్న పలచని గుడ్డకు వేలు తగలనివ్వకండి. వీలైతే అదే సంస్థ కుషన్లే తీసుకోండి. మందం, స్పాంజి గట్టిదనం మారితే ధ్వనీ మారుతుంది. కొత్తవి బిగించాక గోళ్లన్నీ కూర్చున్నాయో లేదో చుట్టూ తడిమి చూసి, మంద్రం బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, కణత దగ్గర అంచును వేళ్లతో నొక్కండి. నొక్కినా నొక్కకపోయినా ఒకేలా వినిపిస్తే కుషన్ సరిగ్గా కూర్చున్నట్టే.