దీవిలో మోటార్ల షెడ్డు పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎదురుమొండి దీవిలో ఔట్‌బోర్డు మోటార్లు, అంటే పడవ వెనక బిగించే మోటార్లు, బాగుచేసే షెడ్డు పెడతానన్న ఆలోచన నాకు నచ్చింది. షెడ్డు కొలతలు రాశావు, పనిముట్ల జాబితా రాశావు, అప్పు ఎంత తెస్తావో కూడా రాశావు. మంచినీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం రాయలేదు. అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అదే.

సముద్రంలో, పాయల్లో తిరిగే మోటార్లను అరుగుదల కంటే ఉప్పే ఎక్కువగా చంపుతుంది. చల్లబరిచే నీళ్లు వెళ్లే సన్నని దారుల్లో ఉప్పు పేరుకుని, ఎండి, రాయిలా గట్టిపడుతుంది. దారి మూసుకుపోతే మోటారు వేడెక్కుతుంది, ఆ తర్వాత పిస్టను పట్టేస్తుంది. అందుకే నీ దగ్గరికి ఏ మోటారు వచ్చినా విప్పేముందు పది పదిహేను నిమిషాలు మంచినీటిలో నడపాలి. దివిసీమ చివరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు పడే చోట్లు ఎన్నో నీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నీళ్లతో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే.

కాబట్టి షెడ్డు కప్పునే చెరువనుకో. చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. 40 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే లెక్క ప్రకారం 1000 లీటర్లు, అందులో ఐదో వంతు పోయినా 800 దక్కుతాయి. తొలి వానను మాత్రం బయటికి వదిలెయ్యి. రేకు మీద ఉప్పు దుమ్ము, కాకి రెట్టలు ఉంటాయి. ఒక చిక్కు ఉంది. నీకు పని ఎక్కువగా ఉండేది వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అవే వాన మీద ఆధారపడలేని రోజులు. నవంబరు దాకా పట్టిన నీటిని వేసవి వరకు దాచుకోగల ట్యాంకులు కావాలి. పనిముట్ల కోసం అనుకున్న డబ్బులో కొంత ఇటు మళ్లించు.

రెండు డ్రమ్ములు పెట్టు. మొదటి కడుగుడు వాడిన నీటిలో, చివరి కడుగుడు కొత్త నీటిలో. డ్రమ్ములో నడిపే ముందు ప్రొపెల్లరు విప్పెయ్యి, దాని పైనున్న పలక మునిగేలా నీళ్లు ఉంచు, వేగం పెంచకు. నీటి చుక్క లేకుండా ఒక్క క్షణం కూడా స్టార్టు చెయ్యనివ్వకు. పంపులో నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం ఇంపెల్లరు, దానికి నీరే నూనె. పొడిగా తిరిగితే రెక్కలు మాడిపోతాయి. వెనక సన్నని రంధ్రం నుంచి నీటి ధార గట్టిగా వస్తోందా, చేతికి మరీ వేడిగా తగులుతోందా అని చూడటం బోటు నడిపే ప్రతి సరంగుకూ నేర్పు. ధార బలహీనపడితే ముందు ఆ రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడు, చాలాసార్లు అక్కడే మట్టి ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఇంపెల్లరు మార్చు. విప్పినప్పుడు ఒక రెక్క ముక్క కనబడకపోతే అది పోయిందనుకోకు, పైన నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్తది వేసినా మోటారు మళ్లీ వేడెక్కుతుంది.

ఇక మునిగిన మోటారు గురించి. ఈ సంగతి ఇప్పుడే ఊరంతా చెప్పి ఉంచు. బోటు తిరగబడి మోటారు నీటిలో పడితే తీసి ఎండలో పెడతారు. అంతకంటే చెరుపు లేదు. బయటికి వచ్చి గాలి తగలగానే లోపలి ఉక్కుకు తుప్పు మొదలవుతుంది. నువ్వు వెంటనే పని మొదలుపెట్టలేకపోతే మంచినీటి డ్రమ్ములో ముంచే ఉంచమను. చేతికి వచ్చాక పైనా లోపలా మంచినీటితో కడుగు, ప్లగ్గులు విప్పు, ఆ రంధ్రాలు కిందికి ఉండేలా పడుకోబెట్టి, మోటారు పైనుండే బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీలును, చేత్తో మెల్లగా తిప్పు. నీరు దానంతట అదే దిగుతుంది. తిప్పుతుండగా ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే ఆగిపో. నడుస్తూ మునిగిన మోటారయితే సిలిండరులోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండవచ్చు, లేదా లోపలికి ఇసుక చేరి ఉండవచ్చు. అప్పుడు స్టార్టరు తాడు లాగితే బాగయ్యేది కూడా పోతుంది. సాఫీగా తిరిగితే కార్బరేటరు విప్పి శుభ్రం చెయ్యి, పాత పెట్రోలు పారెయ్యి, వైర్ల కలుపులు కడిగి ఆరబెట్టు. ప్లగ్గు రంధ్రాల్లో టూస్ట్రోక్ ఆయిలు, అంటే పెట్రోలులో కలిపే ఆయిలు, పోసి మళ్లీ తిప్పు, స్టార్టు చేసి అరగంటకు తగ్గకుండా నడుపు. ఈ పనంతా రెండు మూడు గంటల్లో అయితే మోటారు బతుకుతుంది. రేపు చూద్దామనుకుంటే బేరింగుల మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

విడిభాగాలు ఏవి పెట్టాలని అడిగావు. ఏటిమొగ రేవు దాటి పంటు మీద రావలసిన ఏ వస్తువైనా కనీసం ఒక రోజు తింటుంది, ఆ రోజు ఒక కుటుంబానికి వేట పోతుంది. కనుక చవకగా ఉండి తరచూ పోయేవి నిండుగా ఉంచు: ఇంపెల్లర్లు, ప్లగ్గులు, స్టార్టరు తాడు, పెట్రోలు గొట్టాలు, పెట్రోలు ఎక్కించే రబ్బరు చేతిపంపు బల్బులు, గేరుపెట్టె సీళ్లు, డ్రెయిన్ స్క్రూ వాషర్లు, మోటారు బదులు తాము తుప్పుకు కరిగిపోయే జింకు ముక్కలు. గేర్లు, క్రాంకులు నిల్వ చెయ్యకు, డబ్బు ఇనుములో ఇరుక్కుంటుంది. ఊళ్లో ఎక్కువమంది దగ్గర ఏ మోడలు ఉందో ముందు తిరిగి చూడు. బిగింపు దగ్గరున్న రేకు మీద మోడలు, వరుస సంఖ్య చెక్కి ఉంటాయి. వాటిని యజమాని పేరుతో పుస్తకంలో రాసుకో. కొత్తది కొనబోయేవాళ్లను కూడా అదే మోడలు వైపు నడిపించు.

చిన్న మోటార్ల ప్రొపెల్లరులో ఒక పిన్ను ఉంటుంది. రాయికో మొద్దుకో తగిలితే అది తెగి గేర్లను కాపాడుతుంది. అది దొరక్క మేకు కొట్టేవాళ్లు ప్రతి రేవులోనూ ఉన్నారు. మేకు తెగదు, గేరు పళ్లు తెగుతాయి. రెండేసి పిన్నులు ప్రతి బోటులో ఉండేలా అమ్ము, లాభం చూసుకోకు.

గేరు ఆయిలు కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగే దాకా. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే కింది గొట్టం తియ్యి. దించిన ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరింది, సీలు పోయినట్టే. ఆయిలు మార్చి పంపేస్తే వారానికే మళ్లీ వస్తుంది.

టూస్ట్రోక్ ఆయిలులో నీటితో చల్లబడే మోటార్లకు చేసిన టీసీ-డబ్ల్యూ3 రకమే వాడమను. మోటారుసైకిలు ఆయిలు చవక, కానీ అది గాలితో చల్లబడే ఇంజన్లకు చేసింది. నీటితో చల్లబడే వాటిలో మసి, పొరలు కట్టి ప్లగ్గును చంపుతుంది. 50:1 మోటారయితే, అంటే 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు అడిగేదయితే, 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిలు, కొలిచే పాత్రతో, కంటి అంచనాతో కాదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు ఉంటుంది, అది తేమను లాగుతుంది. దీవి గాలిలో ఎక్కువ రోజులు దాచినది నమ్మదగింది కాదు. నిషేధం రోజుల్లో మోటారు పక్కన పెట్టేవాళ్లు కార్బరేటరులో చుక్క మిగలకుండా ఖాళీ చెయ్యాలి. నీ దగ్గర కూడా పెట్రోలు ఎక్కువ ఉంచకు. లైసెన్సు లేకుండా 30 లీటర్లు దాటితే చట్టం ఒప్పుకోదు, నిప్పు ఎలాగూ ఒప్పుకోదు.

స్థలం విషయం నీకు గుర్తుచేయాలా? 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. రేవుకు దగ్గరని నీటి అంచున కట్టకు. కాస్త నడవవలసి వచ్చినా మెరక మీద కట్టు, నేల ఎత్తు చెయ్యి, విడిభాగాల అర నడుముకు పైన ఉండాలి. తుపాను హెచ్చరిక వస్తే విప్పిన మోటార్లను ముందు ఎవరు మోస్తారో ఇప్పుడే అనుకోండి. స్థలం కోసం మడ చెట్టు ఒక్కటి కూడా కొట్టకు. మాడిన ఆయిలు డబ్బాల్లో పట్టి, తిరుగు పంటు మీద తీరానికి పంపు. పాయలో పోస్తే ముందు చచ్చేవి రొయ్య పిల్లలు, ఆ తర్వాత నీ బేరం.

అరువు తప్పదు. వేట పడితే ఇస్తారు, లేకపోతే లేదు. అందుకని పెద్ద పనులు చెయ్యకు, ఏడాది సర్వీసు అమ్ము: ఇంపెల్లరు, గేరు ఆయిలు, ప్లగ్గులు, జింకు, గ్రీజు, అన్నీ కలిపి ఒక ధర. నిషేధం ముగిసేలోపు చేయించుకుంటే సగం ఇప్పుడు, సగం జూలైలో. క్రాంకు పని వస్తే తీరంలోని పెద్ద షెడ్డుకు పంపించి, తిరిగి వచ్చాక బిగించే పని నువ్వు చేసుకో. దూరంగా ఉన్నవాళ్లు ఫోనులో శబ్దం వినిపిస్తే సగం రోగం తెలుస్తుంది, కానీ చేతితో చూడకుండా ధర చెప్పకు.

పక్కన ఉంచుకోబోయే కుర్రవాడికి చదువు మీద ఆసక్తి ఉంటే విశాఖపట్నంలోని సిఫ్‌నెట్ కేంద్రంలో, అంటే చేపల బోట్ల పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, శిక్షణ గురించి అడగమను. లేకపోతే నువ్వే నేర్పు, ముందు కడగడంతో మొదలుపెట్టు.

ఫ్లైవీలును లాగి తీసే పుల్లరు, సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషను మీటరు నా దగ్గర అదనంగా ఉన్నాయి. సుత్తితో ఫ్లైవీలు కొట్టి తీసే అలవాటు నీకు రాకుండా ఆ రెండూ వచ్చే వారం పంపుతాను. ఏటిమొగకు ఏ రోజు చేరతాయో ఫోను చేస్తాను, నువ్వే వచ్చి తీసుకో.

మీ మామయ్య